ఆర్థిక సలహాదారుని టెండర్‌లో ఎలా ఎంచుకోవాలి? తక్కువ ధరకు ఇచ్చి ఒకసారి దెబ్బతిన్నాం

వడ్డీలెక్క
మాది నీటి సరఫరా చూసే ప్రభుత్వ సంస్థ. మూడు పాత అప్పులున్నాయి, అందులో రెండింటికి వడ్డీ రేటు మారుతూ ఉంటుంది. వాటిని తీర్చేసి కొత్త అప్పు తీసుకోవాలా, బాండ్లు జారీ చేయాలా, కదపకుండా వదిలేయాలా అన్నది తేల్చడానికి బయటి నుంచి ఆర్థిక సలహాదారుని పెట్టుకోవాలని బోర్డు తీర్మానించింది. టెండర్ పత్రాలు రాసే పని నా మీద పడింది.

మా దగ్గరున్న నమూనా పైపులు, మోటార్లు కొనడానికి రాసుకున్నది. అర్హత ఉన్నవాళ్లలో ఎవరు తక్కువ కోట్ చేస్తే వాళ్లకే పని. నాలుగేళ్ల కిందట ఇదే పద్ధతిలో ఒక సంస్థను తీసుకున్నాం. 140 పేజీల రిపోర్టు ఇచ్చారు. సగానికి పైగా మా వార్షిక నివేదికల్లోంచి ఎత్తి రాసిందే. చివరి పేజీలో "ఈ అంశంపై మరింత లోతైన అధ్యయనం అవసరం" అని ముగించారు. చదివితే ఒళ్లు మండింది. అధ్యయనం చేయమనే కదా డబ్బిచ్చింది! బిల్లు మాత్రం పూర్తిగా కట్టాం. ఆపడానికి కాంట్రాక్టులో ఒక్క లైను దొరకలేదు.

ఈసారి అలా జరగకూడదు. ఇలాంటివి కొన్న అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కొత్తచేరిక
మా ఆఫీసులోనూ ఇదే కథ. తక్కువ కోట్ చేసినవాళ్లని కాదని వేరేవాళ్లకి ఇస్తే ఆడిట్‌లో పట్టుకుంటారని అందరికీ భయం. అందుకే పని వచ్చినా రాకపోయినా చవకవాళ్లకే.

నిద్రపోని_ఆడిటర్
ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో గానీ, మేం అభ్యంతరం రాసేది తక్కువ ధర తీసుకోలేదని కాదు. టెండర్‌లో ఒక పద్ధతి ప్రకటించి, ఎంపిక ఇంకో పద్ధతిలో చేస్తే రాస్తాం. మార్కులు ఎందుకిచ్చారో కాగితం మీద లేకపోతే రాస్తాం. నాణ్యతకు ఇంత, ధరకు ఇంత అని ముందే చెప్పి, దాని ప్రకారమే నడిచి, ఫైల్లో కారణాలు రాసిపెడితే మాకు అడగడానికి ఏముంటుంది?

పాతఫైలు
ఆడిటర్ గారు చెప్పింది నిజం. ఇరవై ఏళ్లు కొనుగోళ్ల విభాగంలో పనిచేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

పైపు కొంటే పైపు కొలతలు రాసుకోవచ్చు. సలహా అలా కాదు, వచ్చేదాకా ఎలా ఉంటుందో తెలియదు, వచ్చాక కూడా మంచిదో కాదో చాలా ఏళ్లకు గానీ తెలియదు. అందుకే సలహా సేవలకు వేరే పద్ధతులు పుట్టాయి. ప్రపంచ బ్యాంకు నిధులిచ్చే ప్రాజెక్టులకు 2016 జులై నుంచి అమల్లో ఉన్న కొనుగోలు నిబంధనల్లో వీటిని విడివిడిగా రాశారు. నాణ్యత, ధర రెండూ చూసేది క్యూసీబీఎస్. బడ్జెట్ ఇంత అని ముందే చెప్పి, ఆ లోపల ఎవరి ప్రతిపాదన బాగుంటే వాళ్లని తీసుకునేది ఫిక్స్‌డ్ బడ్జెట్ పద్ధతి. కనీస మార్కులు దాటినవాళ్లలో తక్కువ ధర చూసేది ఇంకోటి. మరీ క్లిష్టమైన పనైతే నాణ్యత ఒక్కటే చూసి, మొదటి ర్యాంకు వాళ్లతో ధర మాట్లాడుకోవడం మరోటి. చిన్న పనులకు అనుభవం, అర్హతలు చూసి తీసుకునే పద్ధతి కూడా ఉంది.

అంటే తక్కువ ధర పద్ధతి తప్పని కాదు. అది రొటీన్ పనులకు. లెక్కలు సరిచూడటం, మామూలు ఆడిట్, ఎవరు చేసినా ఒకేలా వచ్చే పనులు. మీ అప్పుల వ్యవహారం అలాంటిది కాదు వడ్డీలెక్క గారూ. అందులో తప్పు సలహా వస్తే పదిహేనేళ్లు వడ్డీ రూపంలో కడుతూ ఉంటారు. ఫీజులో మిగిల్చింది ఆ లెక్క ముందు ఏపాటిది?

సొంతచెయ్యి
నేను వేరే మాట అంటాను. అసలు కొనడం ఎందుకు? మూడు అప్పులు, మూడు దారులు. మీ ఫైనాన్స్ సెక్షన్‌లో లెక్కలు తెలిసినవాళ్లు ఇద్దరు కూర్చుంటే రెండు నెలల్లో తేలుతుంది. బయటివాళ్లు చేసేదీ మన దగ్గరి అంకెలు తీసుకుని మనకే చూపించడం. ప్రతిసారీ బయటికి పరుగెత్తితే లోపలివాళ్లకి పని ఎప్పుడు వస్తుంది?

వడ్డీలెక్క
@సొంతచెయ్యి మా సెక్షన్‌లో ఉన్నది నలుగురం. రోజువారీ చెల్లింపులకే సాయంత్రం ఆరు దాటుతుంది. బాండ్లు జారీ చేసిన అనుభవం ఒక్కరికీ లేదు. అయినా మీ మాటలో నిజం ఉంది, దాని గురించి ఆలోచిస్తాను.

@పాతఫైలు సార్, క్యూసీబీఎస్ అంటే నాణ్యతకు, ధరకు ఎంత నిష్పత్తి పెట్టాలి? 80:20 అని ఒకరంటారు, 70:30 అని ఇంకొకరంటారు. పది మార్కుల తేడాతో ఏమవుతుందిలే అని మా పైఅధికారి అంటున్నారు.

పాతఫైలు
పది మార్కులే కదా అనుకోవద్దు. లెక్క చేసి చూపిస్తాను.

ముగ్గురు బిడ్ వేశారనుకోండి. టెక్నికల్ మార్కులు, అంటే నాణ్యతకు వేసేవి, మొదటివాళ్లకి 88, రెండోవాళ్లకి 80, మూడోవాళ్లకి 71. ధరలు వరసగా 50, 40, 20. మామూలుగా వాడే సూత్రం ప్రకారం అందరికంటే తక్కువ ధరకు 100 మార్కులు, మిగతావాళ్లకి ఆ తక్కువ ధరను వాళ్ల ధరతో భాగించి 100తో హెచ్చిస్తే వచ్చే మార్కులు. అంటే ధర మార్కులు 40, 50, 100.

80:20 అయితే మొదటివాళ్లకి 70.4 + 8 = 78.4. రెండోవాళ్లకి 64 + 10 = 74. మూడోవాళ్లకి 56.8 + 20 = 76.8. మొదటివాళ్లు గెలిచారు.

70:30 అయితే 73.6, 71, 79.7. మూడోవాళ్లు గెలిచారు.

బిడ్లు అవే, మార్కులు అవే. పత్రంలో ఒక్క అంకె మారింది, పని వేరేవాళ్లకి వెళ్లింది. అందుకే బిడ్లు తెరవకముందే ఈ నిష్పత్తి ఖాయమై, అందరికీ తెలిసి ఉండాలి.

ఎక్సెల్_యోధుడు
పాతఫైలు గారి లెక్కకు ఇంకో మెట్టు కలుపుతాను, ఎందుకంటే ఇది నేను కళ్లారా చూశాను. నేను సలహా సంస్థలో పనిచేస్తాను, అంటే బిడ్ వేసేవైపు.

అదే ఉదాహరణలో మూడోవాళ్లు 20 బదులు 1 కోట్ చేశారనుకోండి. ఎలాగైనా ఆ ఆఫీసులో అడుగు పెట్టాలనో, అనుభవం కింద చూపించుకోవాలనో. ఇప్పుడు మిగతావాళ్ల ధర మార్కులు 2, 2.5కి పడిపోతాయి. 80:20లో కూడా మొదటివాళ్లకి 70.8, మూడోవాళ్లకి 76.8. 80:20 పెట్టాం కదా, నాణ్యతే గెలుస్తుందిలే అని ధీమాగా కూర్చున్న కమిటీ నోరు తెరిచింది.

దీనికి మందు కనీస మార్కుల గీత. టెక్నికల్‌లో 75 రాకపోతే ధర కవరు తెరవబోమని ముందే రాస్తే, 71 వచ్చినవాళ్ల ధర ఎంతైనా అది సీలు విప్పకుండా వెనక్కి వెళ్తుంది.

కొత్తచేరిక
అన్నా, 1కి పని చేసేవాళ్లు ఎలా బతుకుతారు మరి?

ఎక్సెల్_యోధుడు
తమ్ముడూ, అదే కదా అడగాల్సిన ప్రశ్న. రెండు దారులు. ఒకటి, అనుభవం లేని కుర్రాళ్లని పంపి పాత రిపోర్టు పేర్లు మార్చి ఇవ్వడం. రెండోది ఇంకా ప్రమాదం: సలహా దగ్గర పోగొట్టుకున్నది ఇంకోచోట రాబట్టుకోవడం. ఫలానా బ్యాంకు దగ్గర అప్పు తీసుకోండని చెప్పి, ఆ బ్యాంకు దగ్గర కమిషన్ తీసుకోవడం లాంటివి. మొదటిదాంట్లో మీ డబ్బు వృథా అవుతుంది. రెండోదాంట్లో మీ నిర్ణయమే అమ్ముడుపోతుంది.

కూపన్_రేటు
రెండోదానికి పెద్ద ఉదాహరణ అమెరికాలోని అలబామా రాష్ట్రం, జెఫర్సన్ కౌంటీ. మురుగునీటి వ్యవస్థ బాగు చేయడానికి తెచ్చిన అప్పుల్ని 2002, 2003 ప్రాంతంలో మారే వడ్డీ బాండ్లలోకి, వాటిమీద వడ్డీ స్వాప్‌లలోకి (ఒక రకం వడ్డీ చెల్లింపుల్ని ఇంకో రకంతో మార్చుకునే ఒప్పందాల్లోకి) మార్చారు. వడ్డీ తగ్గుతుందనే చెప్పారు. 2008లో మార్కెట్ తలకిందులైనప్పుడు వడ్డీలు ఎగబాకాయి. 2011 నవంబరులో 400 కోట్ల డాలర్లకు పైగా అప్పుతో ఆ కౌంటీ దివాలా పిటిషన్ వేసింది.

ఈలోపు బయటపడింది ఏమిటంటే, ఆ డీల్స్ చేసిన జేపీ మోర్గాన్ వాటిలో అధికారిక పాత్రేమీ లేని స్థానిక సంస్థలకు 80 లక్షల డాలర్లకు పైగా చెల్లించిందనీ, ఆ సంస్థల్లో కౌంటీ కమిషనర్ల సన్నిహితులు ఉన్నారనీ, ఆ ఖర్చును స్వాప్ రేట్లలో కలిపి కౌంటీ మీదే వేసిందనీ అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఆరోపించింది. 2009 నవంబరులో బ్యాంకు తప్పు ఒప్పుకోకుండానే 2.5 కోట్ల డాలర్ల జరిమానా, కౌంటీకి 5 కోట్ల డాలర్లు కట్టింది. కౌంటీ నుంచి రావాల్సిన 64.7 కోట్ల డాలర్ల స్వాప్ రద్దు ఫీజును వదులుకుంది.

వడ్డీలెక్క గారూ, మీదీ నీటి సంస్థ, మీవీ మారే వడ్డీ అప్పులు. అందుకే ఇంత రాశాను. అప్పు అమ్మేవాళ్లు, సలహా ఇచ్చేవాళ్లు ఒక్కరు కాకూడదు.

క్లాజు14
ఆ అనుభవాల తర్వాతే 2010లో అమెరికాలో డాడ్-ఫ్రాంక్ చట్టం వచ్చింది. స్థానిక ప్రభుత్వాలకు అప్పుల మీద సలహా ఇచ్చేవాళ్లు రిజిస్టర్ కావాలి, సలహా తీసుకునే ప్రభుత్వాల మేలు కోసమే పనిచేయాలన్న చట్టపరమైన బాధ్యత వాళ్ల మీద ఉంటుంది. ఒక బాండ్ జారీకి సలహాదారుగా ఉన్నవాళ్లు అదే బాండ్‌కు అండర్‌రైటర్‌గా (బాండ్లు తీసుకుని మదుపరులకు అమ్మిపెట్టేవాళ్లుగా) మారడాన్ని అక్కడి మున్సిపల్ మార్కెట్ నిబంధన 2011 నుంచి అడ్డుకుంది.

మీ దగ్గర అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా కాంట్రాక్టులో రాసుకోవచ్చు. సలహాదారు, వాళ్ల అనుబంధ సంస్థలు ఈ పని వల్ల వచ్చే అప్పుల్లో, అమ్మకాల్లో ఏ రూపంలోనూ పాల్గొనరాదు. బయటినుంచి ఏ ఫీజు తీసుకున్నా ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే కాంట్రాక్టు రద్దు.

వడ్డీలెక్క
ఇది మా నమూనాలో లేనే లేదు. రాసుకున్నాను.

ఇంకో సందేహం. ఒక సంస్థ వాళ్లు వచ్చి, మాకు ఫీజు ఏమీ వద్దు, మీకు మిగిలిన వడ్డీలో కొంత శాతం ఇస్తే చాలు అంటున్నారు. బోర్డులో కొందరికి ఇది బాగా నచ్చింది. చేతినుంచి పైసా పోదు కదా అంటున్నారు.

సీలుకవరు
నాకూ మంచిగానే అనిపిస్తోంది. పని జరిగితేనే డబ్బు. ఇంతకంటే న్యాయం ఏముంది?

కూపన్_రేటు
@సీలుకవరు కదపకుండా వదిలేయండి అన్నదే సరైన సలహా అయితే? అప్పుడు వాళ్లకి ఒక్క పైసా రాదు. ఏదో ఒకటి మార్చండి అంటేనే డబ్బు. వడ్డీలెక్క గారి మూడు దారుల్లో ఒకదాన్ని వాళ్లు నోరారా చెప్పనే చెప్పరు. అమెరికాలో ప్రభుత్వ ఆర్థిక అధికారుల సంఘం, జీఎఫ్‌ఓఏ, సలహాదారు ఫీజును డీల్ జరగడంతో ముడిపెట్టకుండా గంటల లెక్కనో నికర మొత్తంగానో ఇవ్వడం మేలంటుంది. కారణం ఇదే.

నిద్రపోని_ఆడిటర్
ఇంకో చిక్కు, మిగిలింది అని ఎవరు తేలుస్తారు? ఏ రేటుతో పోల్చి? మార్కెట్లో వడ్డీ దానంతటదే తగ్గితే అదీ వాళ్ల ఘనతేనా?

దక్షిణాఫ్రికా కరెంటు సంస్థ ఎస్కామ్ సంగతి చూడండి. 2016లో సలహా సంస్థ మెకిన్సేకి, దాని స్థానిక భాగస్వామిగా అనుకున్న సంస్థకి చేసిన చెల్లింపులు ఇలాంటి ఏర్పాటు మీదే, ఫీజు ఫలితాలతో ముడిపడింది. దానికి కావాల్సిన ఆర్థిక శాఖ అనుమతి లేదని తర్వాత తేలింది. పెద్ద గొడవై, 2018లో మెకిన్సే దాదాపు 100 కోట్ల రాండ్లు వెనక్కి కట్టింది. చేతినుంచి పైసా పోదు అనుకున్న ఏర్పాటే చివరికి అంత పెద్ద బిల్లైంది.

సీలుకవరు
సరే, ఒప్పుకుంటున్నాను. సంస్థ అమ్మకం లాంటివాటికి పనికొస్తుందేమో గానీ, ఏం చేయాలి అన్న ప్రశ్నకు పనికిరాదు.

పాతఫైలు
అమ్మకంలో కూడా జాగ్రత్తే. అమ్మాలని నిర్ణయం అయిపోయాక, అమ్మిపెట్టేవాళ్లకి కొంత నికర ఫీజు, కొంత ఫలితం మీద ఇవ్వచ్చు. అమ్మాలా వద్దా అని చెప్పేవాళ్లు మాత్రం వేరే ఉండాలి. ఈ రెండు పనుల్నీ ఒకే టెండర్‌లో కట్టిపెట్టిన ఫైళ్లు నా బల్ల మీదికి చాలా వచ్చాయి. వచ్చినవాటిని వచ్చినట్టే తిప్పి పంపేవాణ్ణి, నన్ను తిట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

లెడ్జర్_లక్ష్మి
అందరూ ధర, మార్కులు అంటున్నారు. నా అనుభవంలో అసలు గొడవ అంతకు ముందే మొదలవుతుంది, పని వివరణ దగ్గర. వడ్డీలెక్క గారూ, మీ టీఓఆర్‌లో, అంటే సలహాదారు ఏం చేయాలో చెప్పే పత్రంలో, పని గురించి రాసిన పేరా ఇక్కడ పెట్టగలరా?

వడ్డీలెక్క
ప్రస్తుతానికి ఇలా ఉందక్కా: "సంస్థ ఆర్థిక పరిస్థితిని సమగ్రంగా అధ్యయనం చేసి, రుణ నిర్వహణ మెరుగుదలకు తగిన సూచనలతో నివేదిక సమర్పించడం, మరియు సంస్థ ఎప్పటికప్పుడు అప్పగించే ఇతర సంబంధిత పనులు నిర్వహించడం."

లెడ్జర్_లక్ష్మి
అనుకున్నాను. దీనికి పోయినసారి వచ్చిన 140 పేజీలు సరైన జవాబే. మీరు "సమగ్రంగా" అడిగారు, వాళ్లు సమగ్రంగా ఇచ్చారు. కోపం తెచ్చుకోకండి. నేనూ మొదట్లో ఇలాంటివే రాశాను, అందుకే ఆ పేరా చూడగానే గుర్తుపట్టాను.

మీ మొదటి పోస్టులో మీరు అడిగిన ప్రశ్న ఎంత స్పష్టంగా ఉందో చూడండి. మూడు అప్పులు, మూడు దారులు, ఏది మంచిది. దాన్నే టీఓఆర్‌లో ఎందుకు రాయలేదు? ప్రతి అప్పుకూ ముందుగా తీర్చేస్తే ఎంత జరిమానా పడుతుంది, ప్రతి దారిలో పదేళ్ల ఖర్చు ఎంత, వడ్డీ రెండు శాతం పెరిగితే ఏ దారి ఎంత దెబ్బ తింటుంది, బోర్డు ఏ తేదీలోపు నిర్ణయం తీసుకోవాలి. ఇవి రాయండి. బోర్డు ముందు పెట్టేది 12 పేజీలు మించకూడదని రాయండి. మిగతావి అనుబంధంలో.

కొనేవాళ్లకి తమ ప్రశ్న ఏమిటో తెలియకపోతే, ఎంత మంచి పద్ధతిలో ఎంచుకున్నా వచ్చేది కాగితాల కట్టే.

ఎక్సెల్_యోధుడు
లక్ష్మిగారికి చేతులెత్తి దండం. ఆ చివర్లో ఉన్న "ఎప్పటికప్పుడు అప్పగించే ఇతర పనులు" గురించి మా వైపు మాట కూడా వినండి. ఆ ఒక్క లైను చూడగానే మేం ధర పెంచుతాం. ఎంత పని వస్తుందో తెలియదు కాబట్టి. లేదా ధర పెంచలేక మంచి సంస్థలు బిడ్ వేయడమే మానేస్తాయి. మిగిలేది ఎలాగోలా గెలిస్తే చాలు అనుకునేవాళ్లు.

ఇంకోటి, డేటా. లోన్ ఒప్పందాలు, చెల్లింపుల షెడ్యూళ్లు ఒక్కచోట పెట్టి, బిడ్ వేసేముందే జాబితా చూపించండి. ఒక పనిలో ఒప్పందం కాపీ దొరకడానికే మాకు ఏడు వారాలు పట్టింది. చివరికి ఒక బీరువా పైఅరలో, వేరే ఫైలు అట్ట మధ్యలో దొరికింది. ఒప్పందంలో ఇచ్చిన గడువు మొత్తం పది వారాలు.

వడ్డీలెక్క
మా బీరువా కూడా ఒకసారి చూడాలి అయితే.

సొంతచెయ్యి
బీరువా తాళం దొరికితే ముందు చెప్పండి :)

లెడ్జర్_లక్ష్మి
ఇంకొకటి చెప్పాలి, ఇది నన్ను చాలా బాధపెట్టిన విషయం. ఒకసారి మా సంస్థకు పదిహేనేళ్ల ఆదాయ వ్యయాల మోడల్ చేయించాం. అప్పగించిన రోజు ఫైలు తెరిచి, ఛార్జీల పెంపు శాతం ఉన్న గడిలో 5 తీసేసి 4 కొట్టాను. కింద మొత్తం మారలేదు. మళ్లీ 3 కొట్టాను. కదల్లేదు. మొత్తం ఉన్న గడి మీద క్లిక్ చేసి చూస్తే సూత్రం లేదు, ఉత్త అంకె. షీట్ అంతా అలాగే. లెక్కలన్నీ వాళ్ల దగ్గరే ఉంచుకుని, ఫలితాల్ని అతికించి ఇచ్చారు. అడిగితే, అసలు మోడల్ మా మేధా సంపత్తి, కాంట్రాక్టులో ఇవ్వాలని లేదు కదా అన్నారు. నిజమే, లేదు.

ఆ మరుసటి ఏడాది ఒక్క శాతం మార్చి చూడటానికి మళ్లీ వాళ్లకే డబ్బు కట్టాం.

కాబట్టి రాయండి: సూత్రాలతో సహా, తాళం లేని మోడల్, ఊహలన్నీ ఒక్క షీట్‌లో, వాడుక, మార్పుల హక్కు సంస్థది. మీ ఇద్దరు ఉద్యోగులు ఆ మోడల్‌ని సొంతంగా నడిపి చూపించాకే చివరి వాయిదా.

సొంతచెయ్యి
ఇదిగో, నేను మొదట్లో మొత్తుకున్నది ఇదే లక్ష్మిగారూ. బయటివాళ్లని తెచ్చుకున్నా పరవాలేదు, పని మనవాళ్లకి రావాలి. వడ్డీలెక్క గారూ, మీ నలుగురిలో ఒకరిని ఆ బృందంలోనే కూర్చోబెట్టండి. రిపోర్టు వచ్చాక చదవడం కాదు, లెక్క కడుతున్నప్పుడు పక్కన ఉండటం. అలాగైతే నా అభ్యంతరం సగం తగ్గుతుంది.

కొత్తచేరిక
టెక్నికల్ మార్కులు దేనికి ఇవ్వాలి? మా దగ్గర సగం మార్కులు టర్నోవర్‌కీ, ఆఫీసులు ఎన్ని ఉన్నాయన్నదానికీ పోతాయి.

పాతఫైలు
టర్నోవర్ అనేది లోపలికి రానివ్వాలా వద్దా అన్నదానికి, అదీ పనికి తగ్గ స్థాయిలో. మార్కులు వేయడానికి కాదు. సంస్థ పెద్దదైతే మీ పనికి వచ్చే మనిషి పెద్దవాడు కాడు. మార్కుల్లో పెద్ద భాగం వచ్చే మనుషులకీ, పని చేసే విధానానికీ ఉండాలి. బృంద నాయకుడు ఇలాంటి అప్పుల మార్పు ఎన్నిసార్లు చేశాడు, అందులో తన చేతిపని ఏది. పిలిచి అరగంట మాట్లాడండి, మాట్లాడేది ఆ మనిషే అయ్యుండాలి, సంస్థ తరఫున మార్కెటింగ్ చేసే ఆయన కాదు. ఆ అరగంటకు కూడా మార్కులు ఎలా వేస్తారో ముందే పత్రంలో ఉండాలి.

క్లాజు14
బయోడేటా ఒకరిది, వచ్చేది ఇంకొకరు అన్న జబ్బు అందరికీ తెలిసిందే. అనారోగ్యం, ఉద్యోగం మానేయడం లాంటి కారణాలకు తప్ప మార్చకూడదు, మారిస్తే సమానమైన లేదా మెరుగైన అర్హత ఉండాలి, మీ రాతపూర్వక అంగీకారం కావాలి. లేకుంటే ఫీజులో కోత. ఆ కోత ఎంతో అంకె రాయండి, "తగిన కోత" అని వదిలేస్తే వాదన మిగులుతుంది, కోత మిగలదు.

ఇంకా ముఖ్యమైనది, మీ సంస్థకు చట్టం ఏ అధికారాలు ఇచ్చిందో సలహాదారు పని మొదట్లోనే సరిచూడాలని పెట్టండి. బ్రిటన్‌లో హామర్‌స్మిత్, ఫుల్‌హామ్ కౌన్సిల్ వడ్డీ స్వాప్‌లు చేసింది. 1991లో అప్పటి అక్కడి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ అసలు స్థానిక కౌన్సిళ్లకు అవి చేసే అధికారమే లేదని తీర్పిచ్చింది. ఒప్పందాలు చెల్లకుండా పోయాయి. లెక్క ఎంత గొప్పగా కట్టినా, చేసే అధికారం లేకపోతే ఏం లాభం?

సీలుకవరు
ప్రభుత్వ రహస్యాల సంగతి కూడా చూసుకోండి. ఆస్ట్రేలియాలో కొత్త పన్ను చట్టాల తయారీలో సలహాకు పిలిచినప్పుడు తెలిసిన రహస్య సమాచారాన్ని పీడబ్ల్యూసీ అనే ఆడిట్, సలహా సంస్థలో సొంత వ్యాపారానికి వాడుకున్నారని 2023లో బయటపడి ఎంత గగ్గోలు అయిందో. చివరికి ప్రభుత్వ సలహా వ్యాపారాన్ని 1 ఆస్ట్రేలియన్ డాలర్‌కు అమ్ముకోవాల్సి వచ్చింది. మీరు ఏ రేటు దాకా దిగుతారో అప్పిచ్చే బ్యాంకుకు ముందే తెలిస్తే ఇక బేరం ఏముంటుంది?

ఎక్సెల్_యోధుడు
@సీలుకవరు సరైన మాట. ఒకే సంస్థ అప్పిచ్చేవాళ్లకీ పనిచేస్తుంటే అడగాల్సిందే. సంస్థ లోపల గోడ కట్టాం అంటారు, ఆ గోడకు అవతల ఎవరున్నారో పేర్లతో చెప్పమనండి.

మా వైపు చివరి విన్నపం. డబ్బు సమయానికి ఇవ్వండి. "సంతృప్తికరంగా పూర్తయ్యాక" అని రాస్తే సంతృప్తి ఎవరిది, ఎప్పటికి? రిపోర్టు ఇచ్చాక 15 రోజుల్లో లోపాలు రాతపూర్వకంగా చెప్పాలి, చెప్పకపోతే అంగీకరించినట్టే అని పెడితే ఇద్దరికీ మంచిది. నెలల తరబడి బిల్లు ఆగుతుందని పేరు పడిన సంస్థలకు మేం వేసే ధరే వేరు.

నిద్రపోని_ఆడిటర్
15 రోజులు సరే గానీ, అంగీకరించినట్టే అన్నదానితో నేను ఏకీభవించను. ప్రభుత్వ సంస్థలో ఒక అధికారి సెలవులో ఉన్నంతమాత్రాన పనికిరాని రిపోర్టుకు డబ్బు పోకూడదు. ఆలస్యానికి వడ్డీ కట్టమనండి, ఒప్పుకుంటాను. మౌనాన్ని సంతకంగా లెక్కేయడం కుదరదు.

ఎక్సెల్_యోధుడు
వడ్డీ కడతామంటే నాకు అదే చాలు.

వడ్డీలెక్క
మూడు వారాల తర్వాత వచ్చాను. ఇక్కడి మాటలన్నీ ప్రింట్ తీసి బోర్డు ఉపసంఘం ముందు పెట్టాను. పాతఫైలు గారి లెక్కను బోర్డు మీద రాసి చూపించగానే, పది మార్కులే కదా అన్న మా పైఅధికారే లేచి, మళ్లీ ఒకసారి కట్టు అన్నారు. 80:20, కనీస మార్కు 75. రెండు కవర్లు, రెండోది టెక్నికల్ మార్కులు ప్రకటించాకే తెరవాలి. శాతం మీద ఫీజు అడిగిన సంస్థకు ఆ పద్ధతి కుదరదని చెప్పాం, వాళ్లు కూడా మామూలుగా బిడ్ వేయవచ్చు. టీఓఆర్ పేరా తీసేసి ఆరు ప్రశ్నలు రాశాం. అప్పుల విషయంలో మా అధికారాలేమిటో తేల్చడం మొదటి ప్రశ్న.

బీరువా కూడా తెరిచాం. మూడు ఒప్పందాల్లో రెండే ఉన్నాయి. మూడోదాని నకలు కోసం బ్యాంకుకు లేఖ రాశాం, అది వచ్చేదాకా ప్రకటన ఇవ్వడం లేదు.

ఒక్కటి మాత్రం తేలలేదు. బడ్జెట్ ఎంతో ప్రకటించాలా వద్దా?

లెడ్జర్_లక్ష్మి
క్యూసీబీఎస్‌లో ధర మీద పోటీ ఉంటుంది కాబట్టి మొత్తం చెప్పకుండా, ఎంత మంది ఎన్ని నెలలు పనిచేయాల్సి వస్తుందని మీ అంచనానో చెప్పండి. బిడ్ వేసేవాళ్లకి పని పరిమాణం తెలుస్తుంది, ధర వాళ్లే వేసుకుంటారు. ఆ అంచనా మీరే కట్టండి, ఏ సంస్థనూ అడగొద్దు.

పాతఫైలు
అదే చేయండి. ప్రీ-బిడ్ సమావేశంలో ఎవరు ఏమడిగినా జవాబు అందరికీ రాతలో వెళ్లాలి, ఫోన్లో ఒక్కరికి కూడా చెప్పొద్దు. మూడో ఒప్పందం వచ్చాక అందులో ముందస్తు చెల్లింపు జరిమానా క్లాజు ఏముందో ఇక్కడ రాయండి, చూద్దాం.

వడ్డీలెక్క
తప్పకుండా సార్. సోమవారం బ్యాంకుకు నేనే వెళ్తున్నాను.